నోరు మూసుకోమన్నది ఎవరిని?

(దళిత క్రైస్తవ మహిళల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని పిలిచినవాళ్లు ఒక ప్రశ్న ఇచ్చి మాట్లాడమన్నారు. సంఘంలో ఆడమనిషి వాక్యం చెప్పవచ్చునా? ప్రభువు బల్ల దగ్గర నిలబడి రొట్టె విరవవచ్చునా? సంఘ పెద్దగా, పాస్టరుగా కూర్చోవచ్చునా? బైబిల్ దీనికి ఒప్పుకుంటుందా?

ఇది చర్చి గొడవ, ఉద్యమానికి ఏం పని అని దారిలో ఒకాయన మమ్మల్ని అడిగాడు. పని ఉంది. మన మాలపల్లెల్లో, మాదిగగూడేల్లో చాలాచోట్ల జనం వారం వారం ఒక్కచోట కూడేది చర్చిలోనే. మైకు ఎవరి చేతిలో ఉంటుందో, కానుకల లెక్క ఎవరి పుస్తకంలో ఉంటుందో, చాప మీద ఎవరు కూర్చుంటారో, కుర్చీలో ఎవరు కూర్చుంటారో పిల్లలు అక్కడే చూసి నేర్చుకుంటారు. వచ్చే ఆదివారం తలలు లెక్కపెట్టండి. ఎక్కువమంది ఆడవాళ్లే ఉంటారు. పిడికెడు బియ్యం తీసిపెట్టేది వాళ్లు. గుడి ఊడ్చేది, జబ్బుపడిన ఇంటికి ముందు పోయి ప్రార్థన చేసేది, ఉపవాస కూటాలు నడిపేది వాళ్లు. కమిటీ జాబితా చదవండి. పది పేర్లలో ఆడపేరు ఎన్నోది? ఉంటే ఆఖరిది.

ఒక ఊళ్లో మేము విన్న సంగతి చెప్తాం. అక్కడి పాస్టరు బదిలీ మీద పోయాడు. కొత్తాయన రావడానికి నెలలు పట్టింది. ఆ నెలలన్నీ ఆరాధన నడిపింది ఒక వితంతువు. కూలికిపోయే మనిషి. వాక్యం చదివింది, విడమరిచి చెప్పింది, రెండు చావులకు సమాధుల దొడ్డి దాకా పోయి ప్రార్థన చేసింది. కొత్త పాస్టరు వచ్చిన మొదటి ఆదివారమే, ఆడది పుల్పిట్ ఎక్కడం వాక్యానికి విరోధమని చెప్పాడు. ఆమె పోయి చాప మీద కూర్చుంది. అన్ని నెలలు ఆమె చెప్పింది విన్న మగవాళ్లలో ఒక్కడూ లేవలేదు.

ఆ పాస్టరు చూపించిన వాక్యాలు రెండు. వాటినే ముందు తీద్దాం, దాచిపెట్టి మాట్లాడటం మనకు వద్దు. ఒకటి మొదటి కొరింథీ 14వ అధ్యాయం 34, 35 వచనాలు. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలి, ఏమన్నా తెలుసుకోవాలంటే ఇంట్లో భర్తను అడగాలి అని దాని సారం. రెండోది మొదటి తిమోతి 2వ అధ్యాయం 11 నుంచి 14. స్త్రీ మౌనంగా నేర్చుకోవాలి, బోధించడానికీ పురుషుని మీద అధికారం చేయడానికీ సెలవు లేదు, ఎందుకంటే ఆదాము ముందు పుట్టాడు, మోసపోయింది హవ్వ అని.

ఉన్నాయి. లేవని ఎవరూ అనలేరు. అయితే వాటి పక్కన ఇంకేం ఉన్నాయో కూడా చదవాలి గదా.

కొరింథీ పత్రిక అదే 14వ అధ్యాయంలో మౌనంగా ఉండమని చెప్పింది ముగ్గురికి. అర్థం చెప్పేవాడు లేకుండా భాషల్లో మాట్లాడేవాణ్ని నోరు మూసుకోమన్నాడు, 28వ వచనం. ఒకడు ప్రవచిస్తుంటే ఇంకొకడికి బయలుపాటు వస్తే మొదటివాణ్ని ఆపమన్నాడు, 30వ వచనం. అది గోలగా ఉన్న సంఘం. ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే క్రమం పెట్టడానికి రాసిన మాటలవి. మొదటి ఇద్దరి మౌనం ఆ పూటతో అయిపోయింది. ఆడవాళ్ల మౌనం మాత్రం రెండు వేల ఏండ్లుగా నడుస్తున్నది! ఇంకా వింత, అదే పత్రిక 11వ అధ్యాయం 5వ వచనంలో ఆడవాళ్లు సంఘంలో ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు తల మీద ముసుగు ఉండాలన్నాడు. నోరు తెరవకుండా ప్రవచించడం ఎలాగ? ముసుగు మాట మనకు గుర్తుంది, కొంగు జారితే కసిరేవాళ్లున్నారు. ప్రవచించే మాట మరిచిపోయారు. కొన్ని పాత రాతప్రతుల్లో ఆ 34, 35 వచనాలు ఉన్న చోట ఉండవు, అధ్యాయం చివరికి పోయి ఉంటాయి. అవి మొదట ఎక్కడ ఉండేవి, అసలు పౌలు రాసినవేనా అని పండితులు ఈనాటికీ వాదించుకుంటున్నారు.

ఇంట్లో భర్తను అడగమన్నారు, సరే. అడిగితే ఏం చెప్తాడు? ఆదివారం ఆయన గుడికి వస్తే గదా! భర్త లేనివాళ్లు ఎవరిని అడగాలి? ఫిలిప్పుకు పెళ్లికాని కూతుళ్లు నలుగురున్నారు, నలుగురూ ప్రవచించేవాళ్లేనని అపొస్తలుల కార్యములు 21:9 చెప్తున్నది. వాళ్లు ఏ మొగుణ్ని అడిగి ప్రవచించారు?

ఇక తిమోతి పత్రిక. అందులో ఆజ్ఞ లాగా ఉన్న మాట ఏది? నేర్చుకోవాలి అన్నది. ఆడదానికి ధర్మశాస్త్రం నేర్పడం తగునా తగదా అని పెద్దలు తర్జనభర్జన పడుతున్న కాలంలో ఆ మాట చెప్పాడు. మన సంఘాలు మౌనాన్ని పట్టుకున్నాయి, నేర్పడాన్ని వదిలేశాయి. అధికారం అని మనం చదువుతున్నచోట గ్రీకులో ఉన్న మాట కొత్త నిబంధన మొత్తంలో ఇంకెక్కడా రాదు. మామూలు అధికారానికి వాడే మాట అది కాదు. పెత్తనం చెలాయించడం, మీదపడి లొంగదీయడం అనే అర్థం దానికి ఉందని చాలామంది చెప్తారు. అలాంటి పెత్తనం ఆడవాళ్లకు తగదంటే మాకేం అభ్యంతరం లేదు. మగవాళ్లకు తగుతుందా?

ఆదాము ముందు పుట్టాడట. ఆదికాండము మొదటి అధ్యాయం లెక్కన గొడ్లూ మృగాలూ ఆదాముకంటే ముందే పుట్టాయి. ముందు పుట్టడమే పెద్దరికమైతే సంఘాన్ని ఎవరికి అప్పజెప్పాలో మీరే చెప్పండి. మోసపోయింది హవ్వ అంటారు. రోమా 5వ అధ్యాయంలో పాపం లోకంలోకి వచ్చింది ఒక మనిషివల్ల అని చెప్పి ఆదాము పేరే పెట్టారు. అక్కడ హవ్వ ఊసే లేదు. అదే తిమోతి పత్రికలో ఆడవాళ్లు బంగారం, ముత్యాలు పెట్టుకోవద్దని ఉంది. కడుపు బాగాలేకపోతే కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమనీ ఉంది. ఈ రెండో మాట మీద మాత్రం ఏ అయ్యగారూ కూటం పెట్టించినట్టు మేము వినలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మాల మాదిగలు కాబట్టి మీకు ఇది ఇంకెవరికన్నా బాగా అర్థమవుతుంది.

ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం 22వ వచనం పెళ్లిళ్లలో తప్పకుండా చదువుతారు. భార్యలు భర్తలకు లోబడాలి అన్నది. ఒక్క పేజీ తిప్పండి. 6వ అధ్యాయం 5వ వచనం. దాసులు తమ యజమానులకు భయంతో వణుకుతో లోబడాలి అని ఉంది. కొలొస్సయి 3వ అధ్యాయంలో 18వ వచనం భార్యలకు, 22వ వచనం దాసులకు. మొదటి పేతురులో కఠినంగా ఉండే యజమానులకు కూడా లోబడమని ముందు దాసులకు చెప్పి, వెంటనే భార్యలకు చెప్పారు. అదే చెయ్యి, అదే సిరా. అమెరికాలో నల్లవాళ్లను సంతలో కొన్న దొరలు ఆదివారం పూట వాళ్లకు చదివించింది ఈ దాసుల వాక్యాలే. దేవుడే మిమ్మల్ని బానిసలుగా పెట్టాడని పాస్టర్ల చేత చెప్పించారు. నల్లవాళ్లు దానికి ఒప్పుకోలేదు. బైబిల్ విసిరి పారెయ్యలేదు, మోషే కథ తీసి ఎదురు చదివారు.

ఈనాడు మన చర్చిలో ఎవరన్నా లేచి, పాలేర్లు దొరలకు వణుకుతూ లోబడాలి, ఎఫెసీ 6:5 అంటే ఊరుకుంటామా? అది ఆ కాలపు మాట, క్రీస్తు మాట అది కాదు అని మన మగవాళ్లే ముందు లేస్తారు. మంచిదే, లేవాలి. మరి ఒక పేజీ వెనక్కి తిప్పితే అదే మనుషులకు అది దేవుని మారని ఆజ్ఞ ఎలా అయ్యింది? తన మెడకు బిగిసినప్పుడు ఆ కాలపు మాట, పెళ్లాం మెడకు బిగించేటప్పుడు నిత్య వాక్యం! ఇదే మా తగాదా. దాసుల వాక్యాన్ని పక్కన పెట్టినవాడికి స్త్రీల వాక్యాన్ని చట్టంగా చదివే హక్కు లేదు.

శాస్త్రం చూపించి నోరు మూయించడం మనకు కొత్త కాదు. వేదం విన్న శూద్రుని చెవిలో సీసం పొయ్యమన్నది గౌతమ ధర్మసూత్రం. అలాంటి చెవులకు పుస్తకం వినిపిస్తామని, చదివిస్తామని చెప్పినందుకే గదా మన తాతలు, అవ్వలు ఆ మతంలోకి నడిచింది. బాబాసాహెబ్ 1927లో మహద్‌లో మనుస్మృతి తగలబెట్టించింది డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున. ఆడది చిన్నప్పుడు తండ్రి కింద, పెళ్లయ్యాక మొగుడి కింద, ముసలితనంలో కొడుకుల కింద పడి ఉండాలన్నది ఆ మనువే. ఆ మనువును గుడి బయట తగలబెట్టి, గుడి లోపల పౌలు పేరు పెట్టి కూర్చోబెడితే ఏం లాభం?

పాత నిబంధనలో ఒక కథ ఉంది. అయ్యగార్లు దాని మీద ప్రసంగం చెయ్యగా మేము వినలేదు. రెండవ రాజులు 22వ అధ్యాయం. యోషీయా రాజు కాలంలో యెరూషలేము మందిరం బాగుచేస్తుంటే ప్రధాన యాజకుడు హిల్కీయాకు ఒక గ్రంథం దొరికింది. ధర్మశాస్త్ర గ్రంథం. చదివించుకుని రాజు బట్టలు చింపుకున్నాడు. ఇది నిజంగా దేవుని మాటేనా, మా గతేమిటి, పోయి విచారించండి అని యాజకుణ్ని, కార్యదర్శిని పంపాడు. ఎక్కడికి పోయారు? అప్పటికి యిర్మీయా బతికే ఉన్నాడు, ప్రవచిస్తున్నాడు. ఆయన దగ్గరికి పోలేదు. హుల్దా అనే ఆమె ఇంటికి పోయారు. ఆమె ప్రవక్త్రి. రాజు బట్టలు చూసే ఉద్యోగి భార్య. ప్రధాన యాజకుడు నిలబడి ఉంటే ఆమె చెప్పింది, ఈ గ్రంథంలో ఉన్నది జరిగి తీరుతుంది అని. ఆ మాట మీద రాజు దేశమంతా సంస్కరణ మొదలుపెట్టాడు. దొరికిన పుస్తకం దేవుని మాట అని తేల్చి చెప్పింది ఒక ఆడమనిషి అన్నమాట. అదే పుస్తకం చూపించి ఇప్పుడు ఆడమనిషిని దిగు అంటున్నారు. దెబోరా సంగతి మీకు తెలిసిందే. చెట్టుకింద కూర్చుని ఇశ్రాయేలుకు న్యాయం తీర్చింది, ఆమె రాకపోతే యుద్ధానికి పోనన్నాడు సేనాపతి బారాకు.

యేసు దగ్గరికి వద్దాం. యోహాను 4వ అధ్యాయం. సమరయ ఊరి బావి. యూదులు సమరయులతో సాంగత్యం చెయ్యరు, వాళ్ల గిన్నెలో తాగరు. మన హోటళ్లలో రెండు గ్లాసులు పెట్టినట్టే. మధ్యాహ్నం ఎండలో ఒక ఆడమనిషి కుండ పట్టుకుని వచ్చింది. ఆమె కుండలోని నీళ్లు నాకు పొయ్యి అన్నాడు. ఆమెతో ఎంతసేపు మాట్లాడాడో చూడండి. సువార్తల్లో ఆయన ఒక్క మనిషితో అంత పొడుగ్గా వాదించింది అరుదు. ఆరాధన ఏ కొండ మీద చెయ్యాలి అని పెద్ద వేదాంతమే అడిగింది ఆమె. మొగుణ్ని పంపు, ఆయనకు చెప్తానని యేసు తప్పించుకోలేదు. ఆమె కుండ అక్కడే వదిలి ఊళ్లోకి పోయి చెప్పింది. ఆమె మాట విని ఆ ఊరివాళ్లు చాలామంది నమ్మారు, 39వ వచనం. వాక్యం చెప్పడమంటే ఇంతకంటే ఏమిటి?

నీళ్లు, బిందె అంటే మనకు గుర్తొచ్చేది కారంచేడు. 1985 జూలై 16. మాదిగవాడ జనం తాగే చెరువు దగ్గర కమ్మ కుర్రాళ్లు గేదెల కుడితి గంగాళం కడిగి నీళ్లు మురికి చేస్తుంటే మన పిల్లవాడు అడ్డం చెప్పాడు. వాణ్ని కొట్టబోతే నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మరునాడు వందలమంది వాడ మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆమె పేరే సువార్త! ఆమె మౌనంగా ఉండి ఉంటే బాగుండేదని ఏ దళితుడన్నా అంటాడా? ఆ కేసులో ప్రత్యక్ష సాక్షి దుడ్డు అలిసమ్మ. నోరు విప్పుతుందని ఆమెనూ చంపారు. ఉద్యమంలో ఆడవాళ్ల నోరు మనకు కావాలి. చెరువు దగ్గర కావాలి, కోర్టులో కావాలి, ధర్నాలో ముందు వరసలో కావాలి. గుడి గడప తొక్కగానే మూసుకోవాలా?

సాక్ష్యం అన్న మాట మన చర్చిలో రోజూ వింటాం. మొదటి సాక్ష్యం ఎవరిది? సమాధి దగ్గరికి చీకటితో పోయింది ఆడవాళ్లు. పేతురు, మిగిలినవాళ్లు తలుపులు మూసుకుని ఉన్నారు. లేచిన ప్రభువు, పోయి నా సహోదరులకు చెప్పమని పంపింది మగ్దలేనే మరియను. పంపబడినవాడు అనే గదా అపొస్తలుడు అన్న మాటకు అర్థం. ఆడవాళ్లు పోయి చెప్తే అపొస్తలులు ఏమనుకున్నారు? వట్టి మాటలు అనుకుని నమ్మలేదని లూకా 24:11లో దాచకుండా రాశాడు. ఆ మరియను తర్వాతివాళ్లు ఏం చేశారో కూడా వినండి. క్రీ.శ. 591లో పోప్ గ్రెగరీ ప్రసంగం చేస్తూ ఆమెను వేరే కథలోని పాపాత్మురాలితో కలిపేశాడు. వ్యభిచారి అన్న ముద్ర పడింది. సువార్తల్లో ఆ మాట ఎక్కడా లేదు. కేథలిక్ సభ దాన్ని 1969లో సరిదిద్దుకుంది. ఎదురుగా నిలబడి మాట్లాడిన ఆడదాని మీద ఏ నింద వేస్తారో మన వాడల్లో అందరికీ తెలుసు.

పన్నెండుమంది శిష్యులూ మగవాళ్లే గదా, అందుకే పాస్టర్లు మగవాళ్లే కావాలి అంటారు. 1994లో పోప్ రెండవ జాన్ పాల్ స్త్రీలకు గురుత్వం ఇచ్చే అధికారం సభకు లేదని లేఖ రాసినప్పుడు చూపిన కారణాల్లో ఇదొకటి. మేము అడిగేది చిన్న ప్రశ్న. ఆ పన్నెండుమందీ యూదులే. వాళ్లలో మాల ఎవరు? మాదిగ ఎవరు? పన్నెండుమందిలో ఉన్నవాళ్ల జాతే కావాలంటే మన అయ్యగార్లు ఈ రాత్రికే అంగీ విప్పి ఇంటికి పోవాలి. జాతి దగ్గర తలుపు తెరుచుకున్నప్పుడు ఆడ మగ దగ్గర ఎందుకు మూసుకుంది? గలతీ 3:28లో యూదుడని గ్రీసుదేశస్థుడని, దాసుడని స్వతంత్రుడని, పురుషుడని స్త్రీ అని లేదని మూడు జతలూ ఒకే వాక్యంలో కట్టాడు పౌలు. రెండు విప్పి మూడోది ముడివేసి ఉంచమని చెప్పలేదు.

పౌలునే స్త్రీలకు శత్రువుగా చూపిస్తారు. రోమా పత్రిక 16వ అధ్యాయం పేర్ల జాబితా గదా అని దాటేస్తాం. చదవండి. మొదటి పేరు ఫీబే. కెంక్రేయ సంఘ పరిచారకురాలు. మనకు పరిచారకురాలు అంటే నీళ్లు మోసే పనిమనిషిలా వినిపిస్తుంది. కాని పౌలు తనను గురించి చెప్పుకునేటప్పుడు పరిచారకుడు అన్నది అదే మాట. ఆయనకైతే పదవి, ఆమెకైతే చాకిరి! ప్రిస్కిల్ల పేరు మొగుడు అకుల పేరుకంటే ముందు పెట్టాడు. ఆమె, ఆమె భర్త కలిసి అపొల్లో అనే పెద్ద విద్వాంసుడికి మార్గం విడమరిచి చెప్పారు. 7వ వచనంలో అంద్రొనీకు, యూనీయ. అపొస్తలులలో పేరుమోసినవాళ్లు, పౌలుతో జైలుకు పోయినవాళ్లు. యూనీయ ఆడమనిషి. నాలుగో శతాబ్దపు క్రిసోస్టమ్ ఆమెను అపొస్తలురాలు అని పొగిడాడు. ఆడమనిషి అపొస్తలురాలు ఎలా అవుతుందని తర్వాతివాళ్లకు కంటగింపు అయ్యింది. పండితులు వాడే గ్రీకు ప్రతిలో 1927 నుంచి ఆ పేరును మగపేరుగా అచ్చు వేశారు. 1998లో మళ్లీ మార్చారు. డెబ్బై ఏండ్లు ఒక ఆడమనిషిని అచ్చుయంత్రంలో మగవాణ్ని చేశారు! తెలుగులో చదివేవాళ్లకు యూనీయ ఆడపేరో మగపేరో తెలియదు, కాబట్టి ఎవరూ అడగలేదు.

మన తెలుగునేల మీద సంగతి. ఒంగోలు ప్రాంతపు మాదిగ క్రైస్తవ చరిత్రలో యెర్రగుంట్ల పేరయ్య పేరు అందరూ చెప్తారు. ఆయన భార్య నాగమ్మ పేరు ఎందరికి తెలుసు? 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి ఇచ్చినవాళ్లు ఆరుగురు బోధకులు, ఆరుగురూ మగవాళ్లే. తర్వాత మిషన్లు బైబిల్ స్త్రీలను పెట్టాయి. వాళ్లు ఎండలో ఊరూరూ తిరిగారు. మగ బోధకుడు అడుగుపెట్టలేని ఇళ్లలోకి పోయి ఆడవాళ్లకు అక్షరాలు నేర్పారు, వాక్యం చెప్పారు. వాళ్ల చేతుల మీద సంఘాలు పెరిగాయి. బల్ల దగ్గర మాత్రం నిలబడనియ్యలేదు.

మార్పు రాలేదా అంటే, వచ్చింది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం 1970లలో స్త్రీలకు అభిషేకం ఇవ్వడానికి ఒప్పుకుంది. 2013 సెప్టెంబరు 30న ఎగ్గోని పుష్పలలితగారు నంద్యాల బిషప్‌గా అభిషేకం పొందారు. ఆ సంఘంలో మొదటి మహిళా బిషప్. మిషనరీలను పంపిన ఇంగ్లండు సంఘానికి మొదటి మహిళా బిషప్ వచ్చింది 2015 జనవరిలో. నంద్యాల తర్వాత లండన్! గర్వపడదాం. కాని 1947 నుంచి 2013 దాకా అరవై ఆరేండ్లు పట్టింది. పైన ఒక బిషప్ కూర్చున్నంత మాత్రాన కింద ఊళ్లో చాప మీది మనిషి లేవదు.

అందుకని చెయ్యాల్సిన పనులు చెప్తాం. రాబోయే కమిటీ ఎన్నికల్లో సగం పేర్లు ఆడవాళ్లవి పెట్టమని సంఘ సమావేశంలో అడగండి, నోటితో కాదు, కాయితం మీద రాసి వేలిముద్రలతో ఇవ్వండి. కానుకల పుస్తకం చూపించమనండి. బైబిల్ స్త్రీలుగా, సండేస్కూలు టీచర్లుగా చాకిరి చేసేవాళ్లకు జీతం ఎంత ఇస్తున్నారో బయటపెట్టించండి. వేదాంత పాఠశాలలకు మన ఆడపిల్లల్ని పంపండి, చదివి వచ్చాక అభిషేకం ఇవ్వకుండా తిప్పించుకుంటే ఆ డయాసిస్ ఆఫీసు ముందు మనమందరం కూర్చుందాం. ఉద్యమ సంఘాల అన్నలు కూడా తమ స్టేజీ మీద కుర్చీలు ఒకసారి లెక్కపెట్టుకోవాలి. చర్చిని తిట్టడం సులువు.

ఎవరన్నా మొదటి తిమోతి 2:12 తీస్తే, ఎఫెసీ 6:5 తీసి వాళ్ల చేతనే పైకి చదివించండి. హుల్దా కథ చదివించండి. చదవడం రానివాళ్లుంటే పిల్లల చేత చదివించుకుని వచనం సంఖ్య గుర్తు పెట్టుకోండి.

మేము చెప్పాల్సింది చెప్పాం. ఇక మీరు అడగండి. ముందు చాపల మీద కూర్చున్న అక్కలకు మైకు ఇవ్వండి, కుర్చీల్లో ఉన్న పెద్దలు ఆ తర్వాత అడుగుతారు. జై భీమ్.